మాట్లాడినవారి పేర్లు

అమీర్‌పేట మెట్రో స్టేషను కింద, పంజాగుట్ట వైపు సాగే వరసలో ఒక అద్దెకారు ఆగి ఉంది. స్టీరింగు ముందు డ్రైవరు మొగిలయ్య. వెనక సీట్లో రిటైరైన లెక్కల మాస్టారు రాఘవయ్య, కిటికీ పక్కన ఆయన మనవరాలు, ఎనిమిదేళ్ళ ధాత్రి. మాస్టారి ఒళ్ళో అట్ట వేసిన నోటుపుస్తకం. సాయంత్రం నాలుగు దాటింది.

“...గందుకే అంటున్న సార్, పిల్లంటే గిట్లుండాలె. ఎస్.ఆర్. నగర్‌ల ఎక్కినకాడికెల్లి ఒక్క మాట లేదు, ఒక్క లొల్లి లేదు. మీరు మస్తు అదృష్టవంతులు.”

“మొగిలయ్యగారూ, మీరు రోడ్డు చూడండి.”

“రోడ్డు ఏడున్నది సార్ చూసేటందుకు? ముంగట బస్సు ఎన్క భాగం తప్ప ఏం కనపడ్తలేదు. మొన్న ఒక ఫ్యామిలీని శ్రీశైలం తీస్కపోయిన. ఇద్దరు పోరగాళ్ళు. ఊరు సుత దాటలే, ఎప్పుడొస్తది, ఎప్పుడొస్తది, ఒకటే పాట. ఆళ్ళ అమ్మ ఫోన్ ఇచ్చింది. నాయిన బిస్కెట్లు ఇచ్చిండు. ఆఖరికి నేను నా టోపీ ఇచ్చిన. టోపీ చింపిండ్రు గని నోరు మూయలే.”

“ధాత్రీ, ఇప్పుడు ఆట నంబరు పదకొండు. విన్నావా తల్లీ? మెట్రో స్తంభాల మీద నంబర్లున్నాయి చూడు. మనకి కనిపించిన నంబరులో అంకెలన్నీ కూడి చెప్పాలి. ముందు నేను చెబుతాను, తర్వాత నువ్వు.”

“గదేంది సార్, బడి లెక్కనే ఉందే?”

“ఆటండీ.”

“ఆటనా?”

“ఆటే. అదుగో, పన్నెండు వందల నలభై ఆరు. ఒకటీ రెండూ మూడు. మూడూ నాలుగూ ఏడు. ఏడూ ఆరూ... పన్నెండు.”

“పదమూడు గాదా సార్?”

“మీరు చెప్పకూడదు!”

“తప్పు చెప్పిండ్రు గద, లెక్కల సార్ అయ్యుండి?”

“కావాలనే చెప్పాను. ముప్ఫైయారేళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్నది అదొక్కటే. ప్రశ్న వేస్తే పిల్లలు తల దించుకుంటారు. తప్పు చెబితే మాత్రం ఊరుకోరు, ఎంత నెమ్మదైన పిల్లయినా లేచి చెబుతుంది.”

“పాప ఊకుంది సార్.”

“...ఊరుకుంది.”

“హారన్ కొట్టనా? గా స్కూటీ పిల్ల అడ్డం పెట్టింది.”

“వద్దు. ఈ పిల్లున్నప్పుడు హారన్ కొట్టవద్దని మీ ఓనరుకి మొదటిరోజే చెప్పాను.”

“నాకు చెప్పలే. రోజూ వచ్చేటాయిన బామ్మర్ది లగ్గముందని పోయిండు, నన్ను పంపిండ్రు. ఆటల పుస్తకం ఉందని సుత చెప్పలే. ఎన్ని ఆటలున్నయ్ సార్ అండ్ల?”

“నలభై. దూరప్రయాణాల్లో పిల్లలకి విసుగు పుట్టకుండా కారులో ఆడించేవి. వరసగా నంబర్లు వేసి రాసుకున్నాను. ఒక్కొక్కదానికీ ఎంతసేపు, ఏం కావాలి, ఏమనాలి.”

“పాఠం రాసుకున్నట్టు?”

“నాకు తెలిసింది ఆ పద్ధతేనండీ.”

“గని మనం పోయేది పంజాగుట్ట. రెండు కిలోమీటర్లు. గీనికి నలభై ఆటలెందుకు సార్?”

“బయల్దేరి ఎంతసేపైంది?”

“నలభై నిమిషాలు.”

“మరి.”

“అవుతది సార్, అవుతది. గిట్లనే ఉంటె రాత్రికి విజయవాడ పోయొచ్చినంత అవుతది.”

“ఆ పేరు వద్దు.”

“ఏ పేరు?”

“ఏం లేదు. ధాత్రీ, పన్నెండో ఆట ఆడదామా? బండ్ల నంబరు ప్లేట్లు. టీజీ అని ఉన్నవి నీవి, టీఎస్ అని ఉన్నవి నావి. పది ఎవరికి ముందు కనపడితే వాళ్ళు గట్టిగా అరవాలి. ఎంత గట్టిగానైనా. ఎవరూ ఏమీ అనరు.”

“మరి నాకు?”

“మీరూ ఆడతారా?”

“ఖాళీగ కూసున్న గద సార్.”

“సరే, ఏపీ మీవి.”

“ఏపీ మీది గదా, మీ దిక్కుది! నాకంటగడ్తున్నరా?”

“నాది కూడా హైదరాబాదే అయిపోయిందండీ, పదేళ్ళుగా. అయినా ఇక్కడ తిరిగే పాత బండ్లన్నీ ఏపీయే.”

“పాత బండ్లు సిగ్నల్ కాడ ఆగిపోతయి, లెక్కపెట్టుడు అల్కగ ఉంటది. సరే, షురూ. ఒకటి. గా ఆటో. రెండు. సార్, పాప చూస్తలేదు.”

“చూస్తుంది. లోపల లెక్కపెడుతుంది.”

“నోట్ల పెట్టుకుంది వేలు. కాదు కాదు, నోటి మీద పెట్టుకుంది. నా దిక్కు చూసుకుంట. గిట్ల, సప్పుడు చేయకు అన్నట్టు.”

“అది తరచూ అలాగే పెట్టుకుంటుంది.”

“నిద్రొస్తుందా బేటా? ఆకలా? సిగ్గా? సార్, జర అడుగుత, ఏం అనుకోకుండ్రి. పాపకు మాటలు...”

“వచ్చు. బాగా వచ్చు. నలభై మూడు రోజుల క్రితం వరకూ వసపిట్ట. రేడియోకైనా నడుమ విరామం ఉంటుంది, దీనికి ఉండేది కాదు.”

“మరేమైంది?”

“ఆగిపోయింది.”

“జ్వరమొచ్చిందా? భయపడ్డదా?”

“సిగ్నల్ పడినట్టుంది చూడండి.”

“ఆకుపచ్చ పడ్డది సార్. ఒక్క బండి కదుల్తలేదు. ...మరి డాక్టరుకు చూపెట్టిండ్రా?”

“ఇప్పుడు వెళ్తున్నది అక్కడికే. ఆవిడే చెప్పింది కారులో తిప్పమని. మాట కారులోనే పోయింది, కారులోనే దొరకవచ్చు, భయం పోయేట్టు ఆటలాడించండి అని. వికారాబాదు తీసుకెళ్ళాను. సాగర్ తీసుకెళ్ళాను. మొన్న యాదగిరిగుట్ట. పోయి రావడం, దారంతా ఆటలు.”

“ఎవలు ఆడిండ్రు?”

“నేను.”

“ఒక్కరేనా?”

“రోజూ వచ్చే డ్రైవరు మంచివాడు. కొన్ని ఆయన కూడా ఆడాడు.”

“భలేగుంది సార్. ఇరవై ఏండ్లసంది బండి నడుపుతున్న. ఎక్కినోళ్ళందరు ఒకటే అడుగుతరు. అన్నా, గీ పోరల నోరు మూసే ఉపాయం చెప్పు అని. తెరిచే ఉపాయం అడిగింది మీరే.”

“నేను కూడా ముప్ఫైయారేళ్ళు మూయించినవాణ్ణేనండీ. నా క్లాసులో సూది పడితే వినపడేది. ఇన్‌స్పెక్షనుకి వచ్చినవాళ్ళు మెచ్చుకుని రాశారు కూడా.”

“మరి తెరిపిచ్చుడు?”

“ఆ ట్రైనింగు ఎవరూ ఇవ్వలేదు.”

“ఈ సందులల్ల అడిగి చూద్దామా? బోర్డులు చూడుండ్రి. గీ కోర్సు ముప్ఫై రోజులల్ల, గా కోర్సు పదిహేను రోజులల్ల. ఇంగ్లీషు మాట్లాడుడు సుత నేర్పుతరు. అమీర్‌పేటల నేర్పంది లేదు.”

“తెలుగు ఒక్క మాట చాలు నాకు. నంబరు పదమూడు. ధాత్రీ, ఇదిగో పుస్తకం, ఇదిగో పెన్ను. కిటికీలోంచి కనపడేవాటిలో నీకు నచ్చిన బొమ్మ వేసుకో. వెనక పేజీలు నీవే. తాతయ్య చూడడు.”

“ఎందుకు చూడరు?”

“డాక్టరు చూడవద్దంది. పిల్లలకి తమదంటూ ఒక చోటుండాలట. నేనింతవరకూ ఆ పేజీలు తిప్పలేదు.”

“సార్, మీ ఫోన్.”

“హలో. ఆఁ, చెప్పమ్మా మంజూషా. స్పీకరు పెట్టాను, చెవిలో పెట్టుకుంటే నాకు సరిగా వినపడదు.”

“ఎక్కడున్నారు మావయ్యగారూ?”

“అమీర్‌పేట.”

“ఇందాక కూడా అమీర్‌పేటే అన్నారు.”

“ఇందాక కూడా అమీర్‌పేటేనమ్మా.”

“నేను ఆఫీసు నుంచి తిన్నగా క్లినిక్కి వచ్చి కూర్చున్నాను. లక్డీకాపూల్ నుంచి నేను రాగలిగాను, మీరు అమీర్‌పేట నుంచి రాలేకపోతే ఎలాగండీ? ఐదున్నర దాటితే డాక్టరుగారు వెళ్ళిపోతారు. ఇదే ఆఖరు సిట్టింగు.”

“తెలుసమ్మా.”

“ఈ రోజు ఒక్క మాటైనా అంటే ఇదే స్కూల్లో ఉంచమని రాస్తారట. లేకపోతే వేరే బడికి పంపమని ఉత్తరం ఇచ్చేస్తారు. రేపటికల్లా స్కూలుకి ఇవ్వాలి. మాటలు రాని పిల్లల బడి అట, ఊరి చివర, హాస్టల్లో ఉంచాలి...”

“మంజూషా.”

“నేను దీన్ని హాస్టల్లో ఎలా ఉంచగలను మావయ్యగారూ?”

“అమ్మా. స్పీకరు పెట్టానని చెప్పాను.”

“...అయ్యో. ధాత్రీ? నాన్నా, వింటున్నావా? అమ్మ ఊరికే అంటోందిరా. అదేం లేదు. తొందరగా వచ్చెయ్యి, ఏం? మావయ్యగారూ, మీరు ఆటలు ఆడిస్తున్నారా?”

“పదమూడోదిలో ఉన్నాం.”

“ఏమైనా అందా?”

“లేదు.”

“సరే, పెట్టేస్తున్నాను.”

“కోడలా సార్?”

“కోడలు.”

“మరి కొడుకు రాలేదా దవాఖానకు? డ్యూటీల ఉన్నడా?”

“లేడు.”

“బయటి ఊర్ల ఉన్నడా?”

“లేడండీ.”

“అంటే...”

“లేడు.”

“తెల్వక అడిగిన సార్.”

“ఫర్వాలేదు. మీకు తెలియదు కదా. పిల్ల దగ్గర దాచకుండా చెప్పమంది డాక్టరు. నాకే చెప్పడం రాలేదు ఇన్నాళ్ళూ. విజయవాడ నుంచి వస్తున్నారు, వాడూ ఇదీ, ఇద్దరే. చిట్యాల దాటాక కారు పక్కకి తీశాడు. ఇండికేటర్ వేశాడు. సీటు వెనక్కి వాల్చాడు. ముప్ఫైతొమ్మిదేళ్ళు. గుండె అన్నారు.”

“పాప ఎన్క సీట్లనా?”

“వెనక సీట్లో. నలభై నిమిషాల తర్వాత హైవే పెట్రోలింగువాళ్ళు అద్దం తట్టారు. అరవలేదు. ఏడవలేదు. బుద్ధిగా కూర్చుని ఉందట. వాళ్ళకి తలుపు తీసింది, వేలు నోటిమీద పెట్టుకుంది. నాన్న నిద్రపోతున్నాడు అనుకుందేమో అన్నారు. అప్పట్నుంచి ఇంతే.”

“నేను అదృష్టవంతులు అన్న సార్ మిమ్మల్ని. జర మాఫ్ చేయుండ్రి.”

“పిల్ల నెమ్మదిగా ఉందని మెచ్చుకున్నారు. మా బంధువులు కూడా అంతే, పదోరోజున అందరూ మెచ్చుకున్నారు. ఎంత బుద్ధిమంతురాలో, కిక్కురుమనడం లేదని.”

“కదిలింది సార్, కదిలింది. ...ఆగింది. ఒక స్తంభమంత వచ్చినం.”

“ఒక స్తంభం లాభం.”

“సార్, ఒకటి అడుగుత. గీ నలభై ఆటలు మీరు రాసినయి. మీ కొడుకు ఏం ఆడిపిస్తుండె పాపను, కార్ల?”

“వాడికి ఇన్ని రావు. ఒకటే ఆట. నేను నేర్పిందే.”

“గది ఎన్నో నంబరు?”

“ఇందులో లేదు. రాయలేదు.”

“ఎందుకు?”

“అది నోరు మూయించే ఆటండీ. దీనికి పనికిరాదు.”

“చెప్పుండ్రి సార్. ఎట్లాగు పంజాగుట్ట ఇప్పట్ల రాదు.”

“మా బడిలో ఆఖరు పీరియడుకి పిల్లలు ఆగేవాళ్ళు కారు. క్లాసు లీడరు చేతికి సుద్దముక్క ఇచ్చేవాణ్ణి. బోర్డు మీద మాట్లాడినవాళ్ళ పేర్లు రాయాలి. ఇంటిబెల్లు కొట్టేదాకా ఎవరి పేరు ఎక్కకపోతే వాళ్ళు గెలిచినట్టు.”

“మాకు సుత ఉండె సార్ గది! నా పేరు రోజు బోర్డు మీదనే. పేరు పక్కకు ఇంటూలు. మళ్ళ మాట్లాడితే ఇంకో ఇంటూ. మా లీడర్ రాజనర్సయ్య అని ఉండె, వానికి జామకాయ ఇస్తె తుడిచేస్తుండె.”

“మా రఘురాం చిన్నప్పుడు తణుకు నుంచి తిరుపతి కారులో వెళ్ళాం. వాడు నెల్లూరు దాకా వాగుతూనే ఉన్నాడు. అప్పుడు ఆ ఆటని కారులో పెట్టాను. మొదలుపెట్టినవాళ్ళు ‘ఇంటిబెల్లు’ అనేదాకా ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడితే పేరు ఎక్కుతుంది. వాడు తన కూతురికి నేర్పాడు.”

“ఎవలు గెలుస్తుండిరి?”

“ఇదే. ఎప్పుడూ ఇదే. టోల్‌గేటు రాగానే వాడు ‘అబ్బా, ఎంత పెద్ద లైనో’ అనేవాడు. అనగానే ఇది చప్పట్లు. కావాలనే అనేవాడు. ఒక్కసారి కూడా గెలవలేదు. ఓడిపోవడం వాడికి చాలా బాగా వచ్చు.”

“మంచి నాయిన.”

“మంచివాడే.”

“సార్.”

“ఊఁ.”

“పాప ఏం బొమ్మ గీస్తుంది?”

“చూడకూడదన్నాను కదండీ.”

“నాకు అద్దంల కనపడ్తున్నది. బొమ్మ లెక్క లేదు. నేను ఒక ముచ్చట మాట్లాడంగనే పెన్ను కదుల్తున్నది, ఊకుంటె ఆగుతున్నది.”

“మీకలా అనిపించింది.”

“గిదిగో, మీరు మాట్లాడితె సుత కదిలింది!”

“మొగిలయ్యగారూ, పిల్ల తన మానాన తాను...”

“మళ్ళ కదిలింది! సార్, ఒక్కసారి మనం ఇద్దరం ఊకుందాం. సప్పుడు చేయకుండ్రి.”

“...”

“...”

“ఆగింది గద?”

“...కదిలింది.”

“నేను మాట్లాడిన గద ఇప్పుడు!”

“ధాత్రీ. తల్లీ. ఆ పుస్తకం తాతయ్యకి ఒక్కసారి ఇస్తావా? డాక్టరాంటీకి చెప్పను. ...ఇచ్చింది.”

“ఏముంది సార్?”

“ఉండండి, కళ్ళజోడు.”

“ఏముంది?”

“‘మాట్లాడినవారి పేర్లు.’ పైన రాసింది, కింద గీత కొట్టింది. తేదీ వేసింది.”

“ఇయ్యాల్టిదా?”

“కాదు. ఆ రోజుది.”

“ఏ రోజు... అయ్యో.”

“అమ్మ. పక్కన ఇంటూలు, రెండు వరసలు. నానమ్మ. మూడు వరసలు. డాక్టర్ ఆంటీ. క్లాస్ టీచర్. పాత డ్రైవర్ అంకుల్. పక్కింటి రవళి అక్క.”

“నేనున్ననా సార్?”

“‘కొత్త డ్రైవర్ అంకుల్.’ నాలుగు వరసలు.”

“గీ గంటలనేనా?”

“ఇంకా తక్కువే వేసింది.”

“మరి మీయి?”

“తాతయ్య. పేజీ నిండిపోయింది. వెనక్కి తిప్పాలి. ఇక్కడా నావే. ఇక్కడా. నలభై ఆటలూ ఇక్కడే ఉన్నాయండీ, ఇంటూలుగా.”

“మీ కొడుకు పేరు?”

“లేదు.”

“పాప పేరు?”

“లేదు. ఇద్దరివీ లేవు.”

“సార్, ఇప్పుడు ఎవలకు ఫోన్ జేస్తున్నరు?”

“కోడలికి. మంజూషా? నేనమ్మా.”

“వచ్చేశారా?”

“లేదు. ఒకటి అడుగుతాను, చెప్పు. ఆ రోజు దారిలో ఉండగా రఘు నీతో మాట్లాడాడా?”

“ఏ రోజు?”

“ఆ రోజే.”

“ఇప్పుడెందుకు మావయ్యగారూ అవన్నీ? అమీర్‌పేట దాటారా లేదా చెప్పండి.”

“మాట్లాడాడా?”

“నేనే చేశాను. ఒక్క నిమిషం. ఏముంటాయి, మామూలే. ఎక్కడున్నారు, ఎప్పుడొస్తారు.”

“ఇంకా?”

“ఇంకేం లేదు.”

“అమ్మా, ఇది నా కోసం అడగడం లేదు.”

“...ఆయాసంగా ఉందన్నారు. దారిలో ఆ బజ్జీలవీ తినొద్దంటే వినరు, మీకు అలాగే కావాలి అన్నాను. అదే ఆఖరు మాట నేనన్నది. ఎవరికని చెప్పుకోను?”

“తర్వాత? పాపతో మాట్లాడావా?”

“ఇవ్వమన్నాను. ఇది వెనకాల ఒకటే కబుర్లు. దీంతో నాకు తల తిరుగుతోంది, ఫోను పెట్టగానే ఇంటిబెల్లు ఆట మొదలుపెడుతున్నాం, ఇంటికొచ్చాకే బెల్లు కొడతా, అప్పుడు మాట్లాడించుకో అన్నారు. నవ్వుతూనే అన్నారు. పెట్టేశారు. మావయ్యగారూ? ఉన్నారా?”

“ఉన్నానమ్మా.”

“ఏమైంది?”

“ఆ ఆట ఇంకా అయిపోలేదు.”

“ఏంటి?”

“నువ్వు లైనులోనే ఉండు. పెట్టెయ్యకు. నీ పేరు పక్కన రెండు వరసలున్నాయి, ఇంకొకటి పడ్డా ఫర్వాలేదు.”

“సార్, మరి బెల్లు కొట్టుండ్రి. ఏం చూస్తున్నరు?”

“నేను కొట్టకూడదండీ. ఎవరు మొదలుపెడితే వాళ్ళే కొట్టాలి. అది రూలు.”

“ఎవలు పెట్టిండ్రు గా రూలు?”

“నేనే.”

“పెట్టినోళ్ళు తీసెయ్యొచ్చు గద.”

“మీకు తెలియదు. మా బడిలో ఒక్కరోజు కూడా ఒక్క నిమిషం ముందు బెల్లు కొట్టనివ్వలేదు నేను. ఎండలైనా, వానలైనా. అది చూసే మా రఘు పెరిగాడు. వాణ్ణి చూసి ఇది.”

“మా బడిల బంట్రోతు రాకుంటె పెద్దసారే లేచి కొడుతుండె సార్. బంట్రోతు రాలేదని పిల్లలను ఇండ్లకు తోలకుంట కూసోబెడ్తరా? చీకటి పడ్డదాక?”

“...కూర్చోబెట్టకూడదు.”

“మరి.”

“నోరు రావడం లేదు మొగిలయ్యగారూ.”

“మావయ్యగారూ, నాకేం అర్థం కావడం లేదు. ధాత్రి ఎలా ఉంది?”

“బాగుంది మేడం, మీరు ఫికర్ చేయకుండ్రి. సార్, పాప మిమ్మల్నే చూస్తుంది.”

“హారన్ కొట్టండి.”

“వద్దంటిరి గద?”

“కొట్టండి. పొడుగ్గా. ఇంటిబెల్లు ఎలా ఉంటుందో తెలుసు కదా, అలా. ఆపకుండా.”

“...కొట్టిన సార్. చాలా? ఎన్కోడు సుత కొడుతుండు. గా బస్సోడు సుత. అందరు మొదలు పెట్టిండ్రు.”

“చాలు. చాలు. ధాత్రీ, విన్నావా తల్లీ? ఇంటిబెల్లు. బడి మొత్తం వదిలేశారు, చూడు ఎంత గోలో. ఆట అయిపోయింది. నీ పేరు ఒక్కసారీ ఎక్కలేదు. నువ్వే గెలిచావు.”

“తల అడ్డంగ ఊపుతుంది సార్.”

“అయిపోయిందమ్మా. తాతయ్య చెబుతున్నాను కదా.”

“మళ్ళ ఊపుతుంది.”

“తాతయ్య చెబితే అయిపోయినట్టే. నేనే కదా ఈ ఆట పెట్టింది? ఇంటిబెల్లు ఎవరైనా కొట్టవచ్చు.”

“తప్పు.”

“ఎవరది? మావయ్యగారూ, ఎవరది మాట్లాడింది?”

“మీరు తప్పు చెబుతున్నారు తాతయ్యా. ఎవరైనా కొడితే చెల్లదు. హారన్ కొట్టినా చెల్లదు. మొదలుపెట్టినవాళ్ళే కొట్టాలి.”

“ధాత్రీ! నాన్నా! అమ్మనిరా, ఇంకోసారి మాట్లాడు, ఏదో ఒకటి...”

“సార్, పాప... సార్, మాట్లాడింది సార్!”

“ఉండండి. ఇద్దరూ కాస్త ఉండండి. అవును తల్లీ. చెల్లదు. తప్పు తాతయ్యదే. ఇప్పుడు ఏం చేద్దాం? ఏం వెతుకుతున్నావు సీటు కింద?”

“పెన్ను. పుస్తకం ఇలా ఇవ్వండి. నా పేరు రాసుకోవాలి.”

“నీ పేరెందుకమ్మా?”

“మాట్లాడేశాను కదా. ఇంక అందరివీ ఎక్కేశాయి, నాన్నది ఒక్కటే లేదు. ఈసారి నాన్న గెలిచాడు తాతయ్యా.”